న్యాయమూర్తి ఇంటి కాగితాలు – మూడో పాఠం: వరుస చెడకుండా సర్దడం

గత పాఠంలో అలమారాలోని కట్టలను విప్పకుండా, ఏ అరలో ఏ కట్ట ఏ పక్కన ఉందో రాసుకుని, ప్రతి కట్టకూ పెన్సిలుతో ఒక తాత్కాలిక సంఖ్య వేశాం. ఈ పాఠంలో ఆ కట్టలు విప్పుతాం. మన ముందున్నవి నల్లగొండలో జిల్లా న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసి, తరువాతి జీవితమంతా దక్షిణ తెలంగాణ చరిత్రకు వెచ్చించిన ఒక పెద్దాయన కాగితాలు అనుకుందాం.

న్యాయస్థానం నుంచి చరిత్రలోకి వచ్చినవారు మన దేశంలో కొత్త కాదు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే మరాఠాల చరిత్ర రాశారు. కలకత్తా హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన పార్గిటర్ పురాణాల్లోని వంశావళులను పరిశోధించారు. మన ప్రాంతానికి వస్తే, నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ కావడం వల్ల, ఆ కాలంలో వృత్తిలోకి వచ్చినవారికి సనదులు (హక్కు పత్రాలు), ఫైసలాలు (తీర్పులు) చదవడం నిత్యవ్యవహారం. అందుకే ఇలాంటి ఇళ్లలో ఒకే కట్టలో ఉర్దూ నకలు, తెలుగు ఉత్తరం, ఇంగ్లీషు నోటు పక్కపక్కన కనిపిస్తాయి. మీకు ఉర్దూ రాకపోతే ఆ కాగితాన్ని పక్కకు తీసి వేరే కుప్పగా పెట్టకండి. దాని స్థానంలోనే ఉంచి, చదవగలిగినవారి కోసం జాబితాలో ఒక గుర్తు పెట్టుకోండి.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన అసలు విషయం వరుస. కాగితాలు ఆయన చేతిలో ఏ వరుసలో ఉండేవో, ఆ వరుసను మనం మార్చకూడదు. కొత్తగా ఈ పనికి దిగినవారు చాలామంది కట్ట విప్పగానే ఉత్తరాలన్నీ ఒకచోట, కోర్టు నకళ్లన్నీ ఒకచోట, రాతి శాసనాల ప్రతులన్నీ ఒకచోట చేరుస్తారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ, ఆ మనిషి ఏ కాగితం చూసి ఏ ప్రశ్న వేసుకున్నాడో, ఆ ప్రశ్న ఆయనను ఏ చెరువు కట్ట మీదికి, ఏ గుడి మండపంలోకి తీసుకువెళ్లిందో తెలిపే ఆధారం అక్కడితో పోతుంది. అది ఒకసారి పోతే మళ్లీ ఎవరూ కట్టలేరు.

ఒక కట్టను దగ్గరగా చూద్దాం. పై కాగితం మీద ఆయన రాసుకున్న ప్రశ్న: ‘కందూరు చోడులకు కందూరు ముందా, పానుగల్లు ముందా?’ కందూరు చోడులు నేటి మహబూబ్‌నగర్ దగ్గరి కందూరు, నల్లగొండ పక్కనున్న పానుగల్లు కేంద్రాలుగా పాలించినవారు. పానుగల్లులోని ఉదయసముద్రం చెరువు వారి కాలపుదే. ప్రశ్న కింద ఒక శాసనం ప్రతి, దాని ఒక మూలన ‘ఎ-1’ అని ఎర్ర పెన్సిలు గుర్తు. దాని వెనుక ఒక పట్వారీ రాసిన ఉత్తరం, దానిపై ‘ఎ-2’. ఆ తరువాత పాత గెజిటీరు (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) నుంచి ఎత్తి రాసుకున్న భాగం, దానిపై ‘బి-1’. మన కోర్టుల్లో వాది దాఖలు చేసిన పత్రాలకు ఎ వరుస, ప్రతివాది పత్రాలకు బి వరుస సంఖ్యలు వేస్తారన్నది తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఆయన ఒక వాదాన్ని బలపరిచే ఆధారాలను ఒక వైపు, వ్యతిరేకించే ఆధారాలను మరో వైపు నిలబెట్టి, తన ప్రశ్నను ఒక దావాలాగే విచారించారు. ఉత్తరాన్ని ఉత్తరాల్లోకి, శాసన ప్రతిని శాసనాల్లోకి పంపితే ‘ఎ-2’, ‘బి-1’ అన్న గుర్తులకు అర్థమే మిగలదు. నాకు ఇలాంటి గుర్తులు అచ్చయిన వ్యాసం కన్నా విలువైనవిగా కనిపిస్తాయి, ఎందుకంటే వ్యాసంలో తీర్పు మాత్రమే ఉంటుంది, ఇక్కడ విచారణ అంతా ఉంది.

పెద్దాయన పోయిన తరువాత ఇంటివారు అన్నీ సంచుల్లో కుక్కి అటక మీద పడేసిన సందర్భాల్లో కాపాడుకోవడానికి వరుసే ఉండదు. అప్పుడు మాత్రం ఉద్యోగం, చరిత్ర పరిశోధన, ఉత్తరప్రత్యుత్తరాలు, వ్యాసాల చిత్తుప్రతులు, కుటుంబం అన్న విభాగాలు మీరే చేయవచ్చు. ఆ విభజన మీదేనని జాబితా మొదటి పుటలోనే రాయండి.

ఇక తేదీలు. హైదరాబాద్ రాజ్యపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. ఆ సంవత్సరం ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. కాబట్టి క్రీస్తు శకంలోకి మార్చడానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే నెలలకు 590, జనవరి నుంచి సెప్టెంబరు వరకు పడే నెలలకు 591 కలపాలి. ఆజుర్ 1352 అంటే 1942 అక్టోబరు. అదే సంవత్సరం ఖుర్దాద్ అంటే సుమారుగా 1943 ఏప్రిల్. రెండూ 1352 అయినా క్రీస్తు శకంలో సంవత్సరం మారిపోయింది. దీనికి తోడు, నేటి పహాణీల్లోని (పొలాల లెక్క పత్రాల్లోని) ఫసలీ జూలై 1న మొదలవుతుంది. అందువల్ల కాగితం ఏ కాలానిదో, అందులో ఆజుర్, ఖుర్దాద్ లాంటి పారసీ నెల పేరు ఉందో లేదో చూసుకున్నాకే లెక్క కట్టాలి. శాసనాల నోట్సులోని శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఆ శక సంవత్సరం చివర, జనవరి నుంచి పడే నెలల్లో 79 అవుతుంది. హిజరీకి కూడిక పనికిరాదు, పట్టిక చూడాలి. ఏది ఏమైనా కాగితం మీద ఉన్న తేదీని ఉన్నట్టే ముందు రాసి, మీరు కట్టిన తేదీని దాని పక్కన చదరపు కుండలీకరణాల్లో రాయండి. రేపు మరొకరు మీ లెక్కను సరిచూడగలగాలి.

న్యాయమూర్తి కాగితాల్లో ఇతరుల కాగితాల్లో లేని ఒక చిక్కు ఉంది. కోర్టు ముద్రతో ఉన్న అసలు మిసల్ (కేసు కాగితాల దస్త్రం) ఏదైనా ఇంట్లో దొరికితే అది కుటుంబ ఆస్తి కిందికి రాదు. దానిని వేరుగా పెట్టి, కుటుంబం ద్వారా సంబంధిత కోర్టుకు తెలియజేయాలి. ఆయన తీసుకున్న నకళ్లు, సొంత నోటు పుస్తకాలు వేరు. ఆ నోటు పుస్తకాల్లో భార్యాభర్తల తగాదాలు, మనోవర్తి దావాలు, అన్నదమ్ముల పంపకాలు ఉంటాయి, వాటిలోని మనుషుల పిల్లలు ఇదే ఊళ్లో బతుకుతుంటారు. జాబితాలో ‘సివిల్ దావాల నోటు పుస్తకం’ అని, కాలం మాత్రమే రాసి, కక్షిదారుల పేర్లు వదిలేయండి. పుస్తకం ఎంతకాలం మూసి ఉంచాలో కుటుంబంతో మాట్లాడి లిఖితంగా పెట్టుకోండి. లైంగిక నేరాల బాధితుల పేర్లు వెల్లడించడం చట్టరీత్యా నేరం. ఈ విషయంలో చరిత్ర పేరు చెప్పి మినహాయింపు తీసుకునే హక్కు మనకు లేదు.

ఉత్తరాల సంగతీ ఇలాంటిదే. ఆయనకు వచ్చిన ఉత్తరం కాగితంగా ఆయన కుటుంబానిది కావచ్చు, అందులోని రాతపై హక్కు మాత్రం రాసినవారిది, వారి తరువాత వారి వారసులది. అచ్చు వేయదలిస్తే వారి అనుమతి కావాలి.

కాగితాన్ని పట్టుకునే పద్ధతి మొదటి పాఠంలో చెప్పినదే. తుప్పుపట్టిన గుండుసూదులను లాగకుండా మెల్లగా వదులు చేసి తీయండి, చిరుగులకు సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు. తడి కాగితాన్ని రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి, మసి అద్ది తీసిన శాసన ప్రతులను కొత్తగా మడవకూడదు. మడత దగ్గర కాగితం చిట్లితే పోయేది అక్షరమే.

జాబితాలో ఒక నమోదు ఇలా ఉండాలి: ‘కట్ట 7. కందూరు చోడుల రాజధాని గురించిన పరిశోధన. శాసన ప్రతి, పట్వారీ ఉత్తరం, గెజిటీరు ఎత్తిరాత, సొంత నోట్సు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. ఎ, బి సంఖ్యలు ఆయనవే, వరుస మార్చలేదు.’ పొగడ్త అక్కరలేదు, మీ అభిప్రాయమూ అక్కరలేదు.

వచ్చే పాఠం లోపల మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఉన్న ఒక పాత కట్టను, అది పట్టా కాగితాలదైనా సరే, తీసుకోండి. కాగితాలను స్థానం మార్చకుండా ఒక్కొక్కటే తిప్పుతూ, ప్రతిదానికీ పైన చూపినట్టు ఒక్కో వాక్యం రాయండి. ఫసలీ తేదీ ఉన్నవాటిని మార్చి రాసి, లెక్క ఎలా కట్టారో అంచున చూపండి. నాలుగో పాఠంలో ఆ జాబితాల ఆధారంగానే పెట్టెలకు సంఖ్యలు వేస్తాం.