అప్‌డేట్ తర్వాత వైఫై పోయిందా? ఫార్మాట్ దాకా వెళ్లకండి

విండోస్ అప్‌డేట్ అయ్యాక వైఫై ఆగిపోతే ముందుగా అనుమానించాల్సింది డ్రైవర్‌ని, అంటే వైఫై కార్డుని విండోస్‌తో నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్‌ని. హనుమకొండలో ల్యాప్‌టాప్ సర్వీసు షాపు నడుపుతున్నాను. ఇలా వచ్చిన వాటిలో వైఫై కార్డు నిజంగా కాలిపోయినవి చాలా అరుదు. విండోస్ మారింది, కార్డుని నడిపే డ్రైవర్ దానితో కుదరలేదు, అంతే. కానీ ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టాల్సిందే" అంటారు, జనం టెన్షన్‌లో సరే అంటారు. పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోతాయి. తర్వాత అదే విండోస్ అదే అప్‌డేట్‌ని మళ్లీ దించుకుంటుంది, వైఫై మళ్లీ పోతుంది. వైఫై కోసం డేటా పోగొట్టుకోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఇంట్లో మీరే ఏ వరుసలో చూసుకోవాలో రాస్తున్నాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఆ ముందూ వెనకా 11కి మారిన పాత ల్యాప్‌టాప్‌లలో ఈ సమస్య ఎక్కువగా చూస్తున్నాను. కాబట్టి ఇక్కడ చెప్పేది ఎక్కువగా విండోస్ 11 గురించే. ఉబుంటు (లినక్స్) వాడే విద్యార్థుల కోసం చివర్లో కొంచెం చెబుతాను.

ముందు వైరు మీద నెట్ తెచ్చుకోండి

డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. దీనికి ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండే చోటే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంటే మామూలుగా ఆ నెట్‌నే వైరు గుండా ల్యాప్‌టాప్‌కి ఇస్తుంది, మీ మొబైల్ డేటా ఖర్చు కాదు. ఐఫోన్ అయితే మొబైల్ డేటానే ఇస్తుంది. టెథరింగ్ బటన్ మసకగా ఉండి నొక్కుకోకపోతే కేబుల్ మార్చి చూడండి. కొన్ని చౌక కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు.

నెట్ వచ్చాక ఒక్కసారి సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ దాకా వెళ్లి చూడండి. అక్కడ డ్రైవర్ అప్‌డేట్స్ కింద మీ వైఫై కార్డు పేరు కనిపిస్తే దాన్ని వేసుకోండి. కొన్నిసార్లు పని ఇక్కడే అయిపోతుంది.

మీ సమస్య ఏ రకం?

షాపుకి వచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఇదే. "అన్నా, వైఫై వస్తలేదు" అంటారు గానీ, ఆ మాటలో వేరువేరు సమస్యలుంటాయి. వైఫై గుర్తే మాయమైందా? గుర్తు ఉంది, నెట్‌వర్క్‌ల పేర్లూ కనిపిస్తున్నాయి, కనెక్ట్ కావడం లేదా? కనెక్ట్ అయింది, కానీ నో ఇంటర్నెట్ అంటోందా? ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. ఇది తేల్చుకోకుండా యూట్యూబ్‌లో చూసిన కమాండ్లన్నీ కొట్టేస్తే గంటలు పోతాయి.

తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అదే ఇంటి వైఫై ఫోన్‌లో వస్తోందా చూడండి. రాకపోతే తప్పు లైనుదో రూటర్‌దో, ల్యాప్‌టాప్ జోలికి వెళ్లొద్దు. వస్తుంటే, ఇంకొకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. కలిసి నెట్ వస్తే కార్డు, డ్రైవర్ దాదాపు బాగున్నట్టే, గొడవ మీ రూటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉంది.

వైఫై గుర్తే కనిపించకపోతే

ఎక్కువ మందిని కంగారు పెట్టేది ఇదే, కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను. ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లో లేదని చూసుకున్నాక, ల్యాప్‌టాప్‌ని పూర్తిగా ఆపండి. షట్‌డౌన్ కొట్టాం కదా అంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితిని డిస్క్‌లో దాచిపెట్టి, ఆన్ చేయగానే అదే మళ్లీ తెస్తుంది. డ్రైవర్ పాడైన స్థితిలో ఉంటే అదీ అలాగే తిరిగి వస్తుంది. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితే నిజంగా ఆగుతుంది. ఆగాక చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు పోయి కార్డు మొదటినుంచి లేస్తుంది. డివైస్ మేనేజర్‌లో (ల్యాప్‌టాప్ భాగాల జాబితా చూపించే చోటు) కోడ్ 10, అంటే డివైస్ మొదలు కాలేదన్న ఎర్రర్, చూపించిన కార్డులు, అసలు కనిపించకుండా పోయిన కార్డులు కూడా దీనితోనే తిరిగి రావడం నేను చూస్తూనే ఉన్నాను. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, డేటాకి ఏమీ కాదు. అందుకే మిగతావాటి కంటే ముందు ఇది చేయమంటాను.

అయినా రాకపోతే విండోస్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్, క్వాల్‌కామ్ అన్న పేర్లలో ఏదో ఒకటి, పక్కన వైఫై అనో వైర్‌లెస్ అనో 802.11 అనో ఉంటుంది. దాని మీద డబుల్ క్లిక్ చేసి డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ రోల్ బ్యాక్ డ్రైవర్ వెలిగి ఉంటే నొక్కండి. అప్‌డేట్‌కి ముందున్న డ్రైవర్ తిరిగి వస్తుంది.

రోల్ బ్యాక్ మసకగా ఉంటే ఆగిపోకండి. చాలామంది చూడని దారి ఇంకోటి ఉంది. అదే ట్యాబ్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ మై కంప్యూటర్ ఎంచుకుని, దాని కింద ఉండే లెట్ మీ పిక్ అన్న వరుస మీద నొక్కండి. మీ కార్డుకి సరిపడే డ్రైవర్లు సిస్టమ్‌లో ఏవున్నాయో జాబితా వస్తుంది. ఒకే పేరుతో వేరువేరు వెర్షన్లు ఉంటే పాతది ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి. అది పనిచేయకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి ఇంకోటి ప్రయత్నించవచ్చు. మొన్న ఒక బీటెక్ అబ్బాయి రాత్రి షాపు మూసే వేళకి వచ్చాడు. "అన్నా, వైఫై గుర్తే కనవడతలేదు, పొద్దున్నే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది" అన్నాడు. ఈ జాబితాలో పాత వెర్షన్ ఎంచుకోగానే నెట్‌వర్క్‌ల పేర్లు వరుసగా వచ్చాయి. వాళ్ల హాస్టల్ దగ్గర ఎవరో అప్పటికే ఫార్మాట్‌కి రేటు చెప్పారట.

జాబితాలో ఏమీ లేకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ సైట్‌కి వెళ్లి, అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ లేదా సీరియల్ నంబర్ కొట్టి వైర్‌లెస్ డ్రైవర్ దించుకోండి. డివైస్ మేనేజర్‌లో పేరు లేకుండా పసుపు గుర్తుతో నెట్‌వర్క్ కంట్రోలర్ అని మాత్రమే కనిపిస్తే, దాని డిటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఈఎన్ అన్న అక్షరాల పక్కన 8086 ఉంటే అది ఇంటెల్ కార్డు. 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 అయితే మీడియాటెక్, 168సీ అయితే క్వాల్‌కామ్ ఆథరోస్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. ఎవరి డ్రైవర్ వెతకాలో ఈ నంబరే చెబుతుంది. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో వేస్తామనే సాఫ్ట్‌వేర్లు మాత్రం దయచేసి వేయకండి. వాటితో పాటు అక్కర్లేనివి చాలా దిగుతాయి, కొన్నిసార్లు వైరస్‌లు కూడా. అవి తీయడం వైఫై బాగు చేయడం కంటే కష్టం.

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరే లేకపోతే బ్లూటూత్ పనిచేస్తోందా చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి. బ్లూటూత్ పనిచేస్తుంటే కార్డు చాలావరకు బతికే ఉన్నట్టు, డ్రైవర్ దారిలోనే ఇంకా వెతకవచ్చు. రెండూ లేకపోతే బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ సెట్టింగ్స్) వైర్‌లెస్ ఆఫ్ అయి ఉందేమో చూడండి. అక్కడ ఆన్‌లోనే ఉండి, పవర్ బటన్ పద్ధతి తర్వాత కూడా కనిపించకపోతే అప్పుడు ల్యాప్‌టాప్ తెరవాలి. కార్డు సాకెట్‌లో వదులైనా ఇలాగే ఉంటుంది.

పేర్లు కనిపిస్తాయి, కనెక్ట్ కాదు

పాత పాస్‌వర్డ్ ప్రొఫైల్ కొత్త విండోస్‌లో సరిగా పనిచేయకపోవడం మామూలే. సెట్టింగ్స్‌లో వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్‌లోకి వెళ్లి మీ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. ఫర్గెట్ కొట్టే ముందు పాస్‌వర్డ్ చేతిలో ఉండాలి. గుర్తు లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో షేర్ నొక్కండి, చాలా ఫోన్లు క్యూఆర్ కోడ్ కింద పాస్‌వర్డ్ కూడా చూపిస్తాయి.

అలా కూడా కాకపోతే వైఫై పేజీలోనే రాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆన్‌లో ఉందేమో చూసి ఆఫ్ చేయండి. హాస్టళ్లలో, పీజీల్లో, కొన్ని ఆఫీసుల్లో ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (వైఫై కార్డుకి ఉండే గుర్తింపు నంబరు) రాసుకుని దానికే నెట్ ఇస్తారు. ఇది ఆన్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్ వేరే నంబరుతో వెళ్తుంది, రూటర్ గుర్తుపట్టదు. ఇంటి రూటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఉంటే, పాత కార్డుల కోసం డబ్ల్యూపీఏ2 కి మార్చి చూడవచ్చు.

కాలేజీ, యూనివర్సిటీ నెట్‌వర్క్‌లది వేరే కథ. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడిగే ఆ నెట్‌వర్క్‌లు 802.1ఎక్స్ పద్ధతి మీద నడుస్తాయి. అప్‌డేట్‌లో చిన్న మార్పు వచ్చినా ముందు దెబ్బ తినేది అవే. 2023 డిసెంబరులో విండోస్ 11కి వచ్చిన కేబీ5032288, కేబీ5033375 అనే అప్‌డేట్ల తర్వాత (విండోస్ అప్‌డేట్లకి ఇలా కేబీ నంబర్లు ఉంటాయి) సరిగ్గా ఇదే జరిగింది. ఇళ్లలో వైఫై బాగానే ఉంది, క్యాంపస్‌లలో కొన్ని కార్డులు కనెక్ట్ కాలేదు. మైక్రోసాఫ్ట్ సమస్యని ఒప్పుకుని, ఆ మార్పుని వెనక్కి తీసుకునే సర్దుబాటుని నెట్ ద్వారానే పంపింది. మీకూ ఇంట్లో వచ్చి క్యాంపస్‌లో రాకపోతే డ్రైవర్ మీద గంటలు పెట్టకండి. విండోస్ అప్‌డేట్ హిస్టరీలో చివరి కేబీ నంబరు రాసుకుని, కాలేజీ నెట్‌వర్క్ విభాగానికి చెప్పండి. మీలాంటి వాళ్లు అక్కడికి ఇంకా వచ్చే ఉంటారు.

కనెక్ట్ అయింది, నెట్ లేదు

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. వైఫై కింద ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదని అర్థం. ఐపీ అసైన్‌మెంట్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూసి, రూటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అడ్రస్ 192.168తో సరిగానే ఉంటే పింగ్ 8.8.8.8 కొట్టండి. జవాబు వచ్చి వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రస్ నంబరుగా మార్చే ఏర్పాటు) గొడవ. వైఫై ప్రాపర్టీస్‌లో డీఎన్ఎస్ 8.8.8.8 గా పెట్టండి. పింగ్‌కి జవాబు రాకపోతే పాత వీపీఎన్ గానీ, గడువు తీరిన యాంటీవైరస్ గానీ అడ్డుపడుతోందేమో చూడండి. అప్‌డేట్ తర్వాత ఇవి నెట్‌ని పట్టుకుని కూర్చోవడం బాగా చూశాను. ఆఫ్ చేస్తే చాలదు, అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా సైట్లు తెరుచుకోవు.

నెట్‌వర్క్ రీసెట్ ఇవన్నీ అయ్యాకే. అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఫైళ్లకి ఏమీ కాదు గానీ, దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ఆఫీసు వీపీఎన్ మళ్లీ పెట్టుకోవాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు ఆఫీసు ఐటీ వాళ్లని అడగకుండా ఇది నొక్కొద్దు.

అప్‌డేట్‌నే తీసేయడం

డ్రైవర్ మార్చినా కుదరకపోతే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ తెరిచి, వైఫై పోయిన రోజున పడిన కేబీని తీసేయండి. 10 నుంచి 11కి మారడం లాంటి పెద్ద అప్‌డేట్ అయితే సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది, కానీ 10 రోజుల వరకే. ఆలోపు జాగా లేదని డిస్క్ క్లీనప్ చేసి పాత విండోస్ ఫైళ్లు తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. గో బ్యాక్ చేసే ముందు ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి వేసుకోండి. వెనక్కి వెళ్లాక పాజ్ అప్‌డేట్స్‌లో 5 వారాల వరకు ఆపవచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగుతాయి కాబట్టి ఆలోపు కంపెనీ సైట్‌లో కొత్త డ్రైవర్ వచ్చిందేమో చూస్తూ ఉండండి.

ఉబుంటులో కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ తర్వాత వైఫై పోతే రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నల్‌తో తెరవండి. అక్కడ వైఫై వస్తే కొత్త కెర్నల్‌కి సరిపడేలా డ్రైవర్ మళ్లీ తయారు కాలేదని అర్థం. బ్రాడ్‌కామ్ కార్డులతో, విడిగా డ్రైవర్ వేసుకున్న రియల్‌టెక్ కార్డులతో ఇది తరచూ జరుగుతుంది. విండోస్ కూడా పక్కనే ఉంటే అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్నిసార్లు విండోస్ కార్డుని సగం నిద్రలో వదిలేస్తుంది, ఉబుంటు దాన్ని లేపలేకపోతుంది.

ఇవన్నీ చూసి షాపుకే తీసుకెళ్లాల్సి వస్తే, ఏ రోజు అప్‌డేట్ అయిందో, డివైస్ మేనేజర్‌లో ఏం కనిపిస్తోందో ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లండి. "ఫార్మాట్ వద్దు, ముందు యూఎస్‌బీ వైఫై డాంగిల్ పెట్టి చూడండి" అని అడగండి. డాంగిల్‌తో నెట్ వస్తే విండోస్ బాగుంది, లోపలి కార్డో దాని డ్రైవరో మారిస్తే సరిపోతుంది. కొన్ని సన్నటి మోడళ్లలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది, విడిగా మార్చడం కుదరదు. అలాంటప్పుడు ఆ డాంగిల్‌నే కొనుక్కుని వాడుకోండి.