సెల్ఫ్ కొడితే టిక్కుమని ఆగిపోతోందా? మోటార్ విప్పకండి, ముందు మీటర్ తీయండి

తొలి వానలు పడి లాన్‌లో గడ్డి ఏపుగా లేచిందంటే హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ‘అన్నా, బండి సెల్ఫ్ పోయింది. కొత్త మోటార్ ఎంతవుతుంది?’ ఎండాకాలమంతా రేకుల షెడ్డులో నిలబెట్టిన రైడింగ్ మోవర్‌ను, అంటే మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండిని, ఒక్కసారిగా లేపబోతే అది మొరాయిస్తుంది. నేను రాణిగంజ్‌లో ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) వైండింగ్ షాపులో పని నేర్చుకున్నవాణ్ని. మోటార్ విప్పడమంటే నాకు సరదానే. అయినా చెబుతున్నా, సెల్ఫ్ పోయిందని పిలిచిన బండ్లలో చాలావాటికి సెల్ఫ్ మోటార్ శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది. పోయేది దానికి కరెంటు వచ్చే దారి.

ఆ దారులు రెండు. తాళం తిప్పగానే సన్న వైర్లలో కరెంటు ఫ్యూజు, తాళం, బ్రేకు పెడల్ స్విచ్, బ్లేడు స్విచ్ దాటి సోలినాయిడ్‌కు, అంటే మోటార్‌కు పెద్ద కరెంటును కలిపే అయస్కాంతపు స్విచ్‌కు, చేరుతుంది. అది లోపల టిక్కుమని అతుక్కోగానే లావు కేబుల్ దారి తెరుచుకుంటుంది. బ్యాటరీ నుంచి సోలినాయిడ్, అక్కడి నుంచి మోటార్, ఇంజిన్ బాడీ, ఎర్త్ కేబుల్, తిరిగి బ్యాటరీ మైనస్.

కాబట్టి ముందు చెవితో వినండి. అసలు చప్పుడే లేకపోతే సన్న దారిలోనో, పూర్తిగా పడుకున్న బ్యాటరీలోనో కంప్లైంట్. ఒక్కసారి గట్టిగా టిక్ అని ఆగితే లావు దారిని అనుమానించాలి. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్. మోటార్ గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే బెండెక్స్, అంటే మోటార్ నుంచి వెళ్లి ఇంజిన్ చక్రాన్ని పట్టుకునే చిన్న పళ్ల చక్రం.

చెయ్యి పెట్టే ముందు బండిని చదునైన చోట నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్లేడు ఆఫ్ చేసి, స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి పక్కకు కట్టేయండి. బ్యాటరీ విప్పాల్సి వస్తే మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్నే చివర్లో పెట్టాలి. ఇంకో మాట. చాలా అమెరికన్ బండ్లకు ఇంచుల బోల్టులు ఉంటాయి. అర ఇంచు బోల్టుకు 13 నంబర్ పానా సరిపోతుంది గానీ, 3/8 ఇంచు దానికి 10 నంబర్ పెట్టి బలం చూపిస్తే తల అరిగి గుండ్రమైపోతుంది. ఇంచుల సెట్టు ఒకటి కొనుక్కోండి.

బ్యాటరీని రాత్రంతా వదిలేసి పొద్దున కొలిస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.4 అయినా నడుస్తుంది. 12కు అటూ ఇటూగా ఉంటే ఛార్జింగ్ పెట్టాకే మిగతా పరీక్షలు. లేకపోతే ప్రతి అంకె మోసం చేస్తుంది. ఛార్జ్ అయ్యాక కూడా సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతోందంటే ఆ బ్యాటరీ పని దాదాపు అయిపోయినట్టే. మన ఊరి మే నెల ఎండలో, రేకుల కింద, బ్యాటరీకి ఆయుష్షు తక్కువే. టెర్మినళ్ల మీద పట్టిన తెల్ల, పచ్చ బూడిదను వేడి నీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన వాజలిన్ రాయండి.

ఆ మోవర్ సైజు బ్యాటరీ ఇక్కడ అన్ని షాపుల్లో దొరకదు. చిన్న కార్లకు వేసే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ పొడవు, వెడల్పుల్లో దాదాపు అదే సైజు, కానీ సుమారు 4 సెంటీమీటర్లు ఎత్తు ఎక్కువ. వేసేముందు సీటు దించి చూసుకోండి. సీటు కింది ఇనుము ప్లస్‌కు తగిలితే నిప్పే. ప్లస్, మైనస్ ఏ వైపు ఉన్నాయో కూడా చూడండి, కేబుల్ అందకపోతే లాగి బిగించొద్దు.

ఇక అసలు పరీక్ష. ఇది చేసేవాళ్లు తక్కువ. 300 రూపాయల మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) చాలు. దాన్ని 20 వోల్టుల డీసీలో పెట్టండి. ఒకరు తాళం దగ్గర కూర్చోవాలి. ఎర్ర ముల్లును బ్యాటరీ ప్లస్ సీసపు కొమ్ము మీదే పెట్టండి, దాని మీది క్లాంపు మీద కాదు. నల్లది సెల్ఫ్ మోటార్ బోల్టు మీద. ఇప్పుడు తాళం తిప్పమనండి. తిప్పక ముందు 12 చూపించిన మీటర్, తాళం తిప్పగానే అర వోల్టు లోపలికి దిగాలి. 2, 3 వోల్టులు చూపిస్తే ఆ వోల్టులు దారిలోనే తగలబడిపోతున్నాయి, మోటార్‌కు అందడం లేదు. అలాంటప్పుడు ముక్కముక్కగా కొలవాలి. కొమ్ముకీ క్లాంపుకీ మధ్య, కేబుల్ రెండు చివర్ల మధ్య, సోలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య. టిక్కుమన్న చప్పుడు వచ్చినా ఆ రెండు బోల్టుల మధ్య 12 వోల్టులు అలాగే నిలిచి ఉంటే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయాయని అర్థం. దాన్ని మార్చడమే. మంచిదైతే అక్కడ 0.3 కూడా దాటదు.

తర్వాత ఎర్త్. నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, ఎర్రది ఇంజిన్ మీద పెయింట్ లేని చోట. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.3 లోపు ఉంటే సరే. ఒక ఫామ్‌హౌస్‌లో ఇక్కడే 2 పైన చూపించింది. మాలీ పెద్దాయన అప్పటికే పాత మోటార్ తీసేసి కొత్తది బిగించి ఉన్నాడు. ఎర్త్ కేబుల్‌ను ఛాసిస్‌కు బిగించిన బోల్టు విప్పి చూస్తే వాషర్ కింద ఎర్రమట్టి, తడి గడ్డి గట్టిగా అట్టకట్టి ఉంది, దాని కింద తుప్పు. ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి బిగించగానే ఇంజిన్ లేచింది. పాత మోటార్ మళ్లీ వేసి చూశాం, అదీ అంతే హుషారుగా తిప్పింది.

సోలినాయిడ్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. మూడు టెర్మినళ్లదీ నాలుగు టెర్మినళ్లదీ వేరు. మూడు టెర్మినళ్లది మామూలుగా తన బాడీ నుంచే ఎర్త్ తీసుకుంటుంది కాబట్టి బిగించే చోట పెయింట్ గీకాలి.

స్క్రూడ్రైవర్ పెట్టి ఆ రెండు బోల్టులనూ కలిపేసి సెల్ఫ్ కొట్టే అలవాటు మన మెకానిక్కుల్లో చాలామందికి ఉంది. మోవర్ మీద అది వద్దే వద్దు. బ్రేకు స్విచ్, బ్లేడు స్విచ్ రెండూ పక్కకు పోతాయి. గేర్‌లో ఉంటే బండి మీ మీదికే వస్తుంది. పైగా పక్కనే పెట్రోలు.

చప్పుడే లేని బండికి ముందు ఫ్యూజు చూసి, తర్వాత బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కి, తాళం తిప్పి, సోలినాయిడ్ సన్న వైరు దగ్గర 12 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడమే. పెడల్ స్విచ్ చుట్టూ గడ్డి ఇరుక్కోవడం, ఎలుకలు వైరు కొరకడం, నాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి. స్విచ్ పాడైతే కొత్తది వేయండి. వైర్లు రెండూ మెలిపెట్టి టేపు చుట్టేసే మెకానిక్‌ను మళ్లీ పిలవకండి.

ఇవన్నీ బాగుండి, మోటార్ బోల్టు దగ్గర నిండుగా వోల్టులు అందుతున్నా తిరగకపోతే అప్పుడు మోటార్ విప్పండి. సుత్తితో తడితే తిరిగింది అంటే కార్బన్లు (ఆర్మేచర్‌కు రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు) అరిగాయని గుర్తు. కానీ గట్టిగా కొట్టొద్దు. చాలా మోవర్ మోటార్లలో అయస్కాంతం ముక్కలు అతికించి ఉంటాయి, దెబ్బకు పగులుతాయి. విప్పే ముందు మూతకూ డబ్బాకూ కలిపి పెయింట్‌తో ఒక గీత గీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు కలుస్తుంది. కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పలకల చుట్టు) నల్లబడితే సన్న ఉప్పు కాగితంతో రుద్దండి, ఎమరీ గుడ్డ వాడొద్దు, దాని పొడి పలకల మధ్య గాడుల్లో చేరి షార్ట్ చేస్తుంది. ఏ రాగి పలకకైనా షాఫ్ట్‌కూ మధ్య మీటర్ బీప్ అంటే ఆర్మేచర్ పోయినట్టే.

కార్బన్లు పుత్లీబౌలీలోనో రాణిగంజ్‌లోనో సైజుకు దగ్గరవి తెచ్చి అరగదీసుకోవచ్చు. కాకపోతే 12 వోల్టుల సెల్ఫ్ మోటార్‌వే అడగండి. వాటిలో రాగి కలిసి ఉంటుంది, చూస్తే ఎర్రగా మెరుస్తుంది. గ్రైండర్ కార్బన్లు నల్లగా ఉంటాయి. అవి ఇమిడినా మోటార్‌కు బలం రాదు.

బెండెక్స్ పళ్లు అరిగితే మార్చాలి. ఇరుక్కుంటుంటే కడిగి ఆరబెట్టి వేయండి, గ్రీజు మాత్రం పూయొద్దు. గడ్డి దుమ్ము దానికి పట్టుకుని నెలలోపే మళ్లీ ఇరుక్కుంటుంది.

ఒక్క సందర్భంలో ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఇంజిన్ సగం చుట్టు తిరిగి బిగుసుకుంటుంది. స్పార్క్ ప్లగ్ విప్పి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు సులువుగా తిరిగితే వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ, చూడాలి. స్టార్టింగ్‌లో కంప్రెషన్‌ను (సిలిండర్ లోపలి గాలి ఒత్తిడిని) కాస్త వదిలే ఏర్పాటు చాలా మోవర్ ఇంజిన్లలో ఉంటుంది, క్లియరెన్స్ పెరిగితే అది పనిచేయదు. ఎంత ఉండాలో ఇంజిన్ మోడల్ నంబర్‌ను బట్టి మాన్యువల్‌లో చూసుకోండి.

బండి లేచాక వెళ్లిపోకండి. ఇంజిన్ రేస్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెడితే 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. 12 దగ్గరే ఆగితే ఛార్జింగ్ లేదు, రేపు మళ్లీ అదే టిక్కు. సెల్ఫ్‌ను ఒకసారికి 5 సెకన్లకు మించి పట్టుకోవద్దని, మళ్లీ కొట్టే ముందు ఒక నిమిషం ఆగాలని మాలీకి చెప్పి రండి.