బ్రేక్‌పాయింట్ పెట్టినా ప్రోగ్రాం ఆగట్లేదా? ముందు ఫైల్ అడ్రసు చూడండి

సమస్య: బ్రేక్‌పాయింట్ అంటే నడుస్తున్న ప్రోగ్రాం ఏ లైన్ దగ్గర ఆగాలో చెప్పే గుర్తు. ఒంగోలు నుంచి తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఫోన్ చేశాడు. "ఏందన్నా ఇది, బ్రేక్‌పాయింట్ పెట్టినా ఆగకుండా పోతా ఉంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఎర్ర చుక్క కాస్తా బూడిద రంగు సున్నా అయిపోయింది" అన్నాడు. నేరుగా జీడీబీలో (ప్రోగ్రాంని ఆపి తప్పులు వెతికే డీబగ్గర్), ఫైల్ పాత్ అంటే అడ్రసు మొత్తం ఇచ్చి పెట్టి చూడమన్నాను. "నో సోర్స్ ఫైల్ నేమ్డ్" (ఆ పేరుతో సోర్స్ ఫైల్ లేదు) అంటూ, పెండింగ్‌లో ఉంచమంటావా అని అడిగిందట. వీడు చదవకుండానే వై (సరే) కొట్టేశాడు. పెండింగ్ అంటే, తర్వాత లోడయ్యే ఏదైనా లైబ్రరీలో ఆ ఫైల్ కనబడితే అప్పుడు పెడతానని. కనబడకపోతే ఇక అంతే.

కారణం: డీబగ్గర్ మన డిస్క్‌లో ఉన్న ఫైల్‌ని చూసి బ్రేక్‌పాయింట్ పెట్టదు. డీబగ్ సమాచారం చేర్చే -జి ఆప్షన్‌తో కంపైల్ చేసినప్పుడు, ఏ ఫైల్, ఏ ఫోల్డర్ అన్నది బైనరీలోనే (కంపైలయ్యాక తయారయ్యే ప్రోగ్రాం ఫైల్‌లోనే) రాసి ఉంటుంది. మనం ఇచ్చిన పాత్‌ని ఆ రాతతో పోల్చుకుంటుంది. వీడు బిల్డ్ చేసింది డాకర్‌లో, అంటే సొంత ఫోల్డర్లుండే విడి కంటైనర్‌లో. అక్కడ ఫోల్డర్ /యాప్. ల్యాప్‌టాప్‌లో అదే కోడ్ /హోమ్/పని కింద ఉంది. ఎడిటరేమో ల్యాప్‌టాప్ పాత్ మొత్తం పంపుతుంది.

మా కందుకూరు సంగతే చూడండి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. వీధి మారలేదు, ఇంటి నంబరు మారలేదు, పైన జిల్లా పేరొక్కటే మారింది. పోస్ట్‌మ్యాన్ సర్దుకుంటాడు. డీబగ్గర్ సర్దుకోదు, మనమే చెప్పాలి.

ఏం చేయాలి: ముందు జీడీబీలో "ఇన్ఫో సోర్సెస్" కొట్టండి. బైనరీలో ఉన్న పాత్‌లన్నీ బయటపడతాయి. మీ ఫైళ్ల పేర్లు అసలు లేవంటే -జి పెట్టలేదనో, స్ట్రిప్ చేశారనో (ఆ సమాచారం తీసేశారనో) అర్థం. అప్పుడు పాత్‌లతో కుస్తీ పట్టడం దండగ, మళ్లీ కంపైల్ చేయండి. పేర్లు ఉండి పైభాగం వేరుగా ఉంటే, "సెట్ సబ్‌స్టిట్యూట్-పాత్ /యాప్ /హోమ్/పని" అనండి. పాతది ముందు, కొత్తది తర్వాత. చాలామంది తిరగేసి ఇస్తారు, నేనూ ఇచ్చాను. ఫోల్డర్ పేరు పూర్తిగా కలిస్తేనే మారుస్తుంది కాబట్టి /యాప్2 జోలికి పోదు. రోజూ టైప్ చేయలేకపోతే జీడీబీ మొదలవగానే చదివే జీడీబీఇనిట్ ఫైల్‌లో రాసుకోండి.

వీఎస్ కోడ్ సీ++ ఎక్స్‌టెన్షన్‌లో అయితే లాంచ్ ఫైల్‌లో సోర్స్‌ఫైల్‌మ్యాప్, ఎల్‌ఎల్‌డీబీ అనే ఇంకో డీబగ్గర్‌లో టార్గెట్ సోర్స్-మ్యాప్ ఇదే పని చేస్తాయి. బిల్డ్ మన చేతిలో ఉంటే జీసీసీ కంపైలర్ 8వ వెర్షన్ నుంచి ఉన్న -ఎఫ్‌ఫైల్-ప్రిఫిక్స్-మ్యాప్‌తో రాసేటప్పుడే సరైన పాత్ రాయించవచ్చు. టీమ్‌లో నలుగురుంటే నాకిదే నచ్చుతుంది.

ఇంకో సమస్య: ఆగుతుంది, కానీ సంబంధం లేని ఫైల్‌లో. నెల్లూరులోనూ ట్రంకు రోడ్డుంది, ఒంగోల్లోనూ ఉంది. ఊరు చెప్పకుండా ఆటో ఎక్కితే ఎట్లా? "బ్రేక్ యుటిల్.సి:40" అంటే ఆ పేరున్న ప్రతి ఫైల్‌లోనూ 40వ లైన్ దగ్గర జీడీబీ పెట్టేస్తుంది, "2 లొకేషన్స్" అని కూడా చెబుతుంది. "బిల్లింగ్/యుటిల్.సి:40" అనండి, చాలు. పాత్‌ని చివరినుంచి పోల్చుకుంటుంది కాబట్టి మొత్తం ఇవ్వక్కర్లేదు.

సిమ్‌లింక్ (అసలు ఫైల్‌కి దారి చూపే లింక్) పెట్టి ఫైల్ పేరే మార్చి ఉంటే "సెట్ బేస్‌నేమ్స్-మే-డిఫర్ ఆన్" కావాలి. కాస్త నెమ్మదిస్తుంది, అందుకే మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

కుర్రాడికి పాత్ కుదిరింది. పది నిమిషాలకే మళ్లీ ఫోన్: "ఆగిందన్నా, కానీ ఖాళీ లైన్ మీద ఆగింది." బిల్డ్ అయ్యాక కోడ్‌లో రెండు లైన్లు చేర్చాడు, బైనరీలో మాత్రం పాత లైన్ నంబర్లే ఉన్నాయి. బైనరీ కంటే సోర్స్ కొత్తదని జీడీబీ వార్నింగ్ ఇచ్చే ఉంటుంది. అదీ చదివి ఉండడు.