శ్రీకాకుళం, విజయనగరంలో ఉంటూ తక్కువ ఖర్చులో అటాచ్‌మెంట్ థెరపిస్టును వెతుక్కోవడం ఎలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో గానీ, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర గానీ ‘అటాచ్‌మెంట్ థెరపిస్ట్’ అన్న బోర్డు నాకైతే ఎప్పుడూ కనిపించలేదు. మానసిక వైద్యులు, కౌన్సెలింగ్ సెంటర్ అని రాసి ఉన్నవే కనిపిస్తాయి. ఆ పేరు పట్టుకుని వెతికితే నాలుగు రోజుల్లో విసుగొచ్చి మానేస్తారు. వెతకాల్సింది ఆ పద్ధతిలో, అంటే చిన్నప్పటి అనుబంధాల ప్రభావాన్ని చూస్తూ ఇప్పటి బంధాల్లోని గొడవలను సరిచేసే తీరులో, పనిచేయగల మనిషిని. బోర్డు మీద ఏం రాసుకున్నా ఫర్వాలేదు.

1. మీ ఇబ్బంది ఈ కోవకు చెందిందో కాదో చూసుకోండి

గొడవ కూర దగ్గర మొదలవుతుంది, అత్తగారి దగ్గర మొదలవుతుంది, ఫోన్ దగ్గర మొదలవుతుంది. కానీ నడిచే తీరు మాత్రం ప్రతిసారీ ఒకటే. ఒకరు “మాట్లాడు, ఇప్పుడే మాట్లాడు” అని వెంటపడతారు. రెండోవాళ్ళు బండి తీసుకుని బయటికి వెళ్ళిపోతారు, లేదా మూడు రోజులు మౌనంగా ఉంటారు. వెళ్ళేకొద్దీ వీళ్ళు ఇంకా వెంటపడతారు, వెంటపడేకొద్దీ వాళ్ళు ఇంకా దూరమవుతారు. మీ ఇంట్లో ఇలాగే ఉంటే అటాచ్‌మెంట్ పద్ధతి మీకు పనికొచ్చే అవకాశం ఎక్కువ.

చిన్నప్పుడు మనల్ని చూసుకున్నవాళ్ళు భయం వేసినప్పుడు దగ్గర దొరికారా లేదా అన్నది తర్వాతి బంధాల మీద ప్రభావం చూపుతుందని చెప్పినవాడు బ్రిటన్‌కు చెందిన సైకియాట్రిస్ట్ జాన్ బౌల్బీ. మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ 1950లలో ఉగాండాలోనూ, తర్వాత అమెరికాలోనూ తల్లీపిల్లలను గమనించి ఆ ఆలోచనకు బలం తెచ్చారు. పెద్దవాళ్ళ ప్రేమ, పెళ్ళి సంబంధాలకూ ఇది వర్తిస్తుందని 1987లో సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ అనే పరిశోధకులు చూపించారు. అందుకే ఈ పద్ధతిలో పనిచేసేవాళ్ళు మీ గొడవ గురించి వింటూ వింటూ మధ్యలో మీ చిన్నతనం గురించి అడుగుతారు.

మన జిల్లాల్లో ఆ ప్రశ్నకు జవాబులు కొంచెం వేరుగా ఉంటాయి. ఆరో తరగతికే హాస్టల్లో చేరినవాళ్ళు, అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతే అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్ళు, ఆర్మీలో ఉన్న నాన్నను సెలవుల్లోనే చూసినవాళ్ళు, గుజరాత్ చేపల బోట్ల మీదకు వెళ్ళిన భర్త కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళు ఇక్కడ ఊరూరా ఉన్నారు. ఇలా పెరిగినంత మాత్రాన మనసులో లోటు ఉండి తీరాలని ఏమీ లేదు. అమ్మమ్మ ఒళ్ళో అమ్మ దగ్గరకంటే భద్రంగా పెరిగినవాళ్ళు బోలెడుమంది. థెరపిస్టుకు ఈ తేడా తెలియాలి. “చిన్నప్పుడు అమ్మ దగ్గర లేరా, అయితే అదే మీ సమస్య” అని మొదటి రోజే తేల్చేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది.

కొట్టడం, బెదిరించడం, డబ్బు లాక్కోవడం ఉంటే దారి వేరు. అప్పుడు ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్ వద్దు, అక్కడ ఆమె చెప్పిన మాటకు ఇంటికొచ్చాక దెబ్బలు పడతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రాణభయం ఉంటే 112. జిల్లా కేంద్రంలోని సఖి వన్‌స్టాప్ సెంటర్‌కు వెళ్ళవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళకు ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.

2. ఉచితంగా దొరికేది ముందు వాడుకోండి

టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నెలల తరబడి సాగే థెరపీ ఇక్కడ ఆశించకండి. మీ బాధ విని, దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలో చెప్పడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి. శ్రీకాకుళంలో జనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే మెడికల్ కాలేజీ ఆసుపత్రి, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీకి చెందిన ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటులో నెల్లిమర్ల మిమ్స్, రాగోలు జెమ్స్ ఉన్నాయి. మెడికల్ కాలేజీ అన్నాక సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఓపీ చీటీ తీసుకున్నాక ఒకే ఒక్క ప్రశ్న అడగండి: “ఇక్కడ క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా, ఏ రోజు చూస్తారు?” మందులు రాయకుండా మాటలతో చికిత్స చేసేది వాళ్ళే, ఉంటే మీ అదృష్టం. లేకపోయినా సైకియాట్రిస్టుకు ఒకసారి చూపించుకోవడం దండగ కాదు. నిద్ర పట్టకపోవడం, డిప్రెషన్, తాగుడు అలవాటు లాంటివి గొడవ వెనక దాక్కుని ఉంటే వాటిని పట్టేది ఆయనే. ఓపీలో రద్దీ ఎక్కువ కాబట్టి వారం వారం ముప్పావు గంట కూర్చోబెట్టి వింటారని మాత్రం అనుకోకండి.

విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పేరు చెప్పగానే “పిచ్చాసుపత్రికా!” అనే చుట్టాలు ఉంటారు. వాళ్ళకు చెప్పకుండా వెళ్ళండి.

3. చదువు, రిజిస్ట్రేషన్ చూడండి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. వాళ్ళ సీఆర్‌ఆర్ నంబర్, అంటే ఆ రిజిస్ట్రేషన్ నంబర్, అడిగి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అడిగితే నొచ్చుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

ఎం.ఏ. సైకాలజీ చేసి కౌన్సెలర్లుగా పనిచేసేవాళ్ళు ఆ రిజిస్టర్‌లో కనిపించకపోవచ్చు. వాళ్ళలో మంచివాళ్ళు లేరని కాదు, చాలామంది ఫీజు కూడా తక్కువే. చదువు ఎక్కడ చేశారు, జంటలతో పనిచేయడంలో శిక్షణ ఎవరి దగ్గర తీసుకున్నారు, ఇప్పటికీ తమ పనిని ఒక సీనియర్‌తో చర్చిస్తుంటారా అని అడగండి. మూడో ప్రశ్నకు “అవును” అని వెంటనే జవాబొస్తే నేను సగం నమ్ముతాను. వారాంతం కోర్సు సర్టిఫికెట్లు గోడనిండా తగిలించినా అది చదువు కిందికి రాదు. వశీకరణం ప్రకటనల సంగతి చెప్పనే అక్కర్లేదు.

జంటలకు అటాచ్‌మెంట్ ఆధారంగా చేసే థెరపీల్లో బాగా పరిశోధన జరిగింది ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ. స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో కెనడాలో దీన్ని రూపొందించారు. క్లుప్తంగా ఈఎఫ్‌టీ అంటారు. వేళ్ళతో ముఖం మీదా ఛాతీ మీదా తట్టుకునే ఇంకో పద్ధతికీ ఈఎఫ్‌టీ అనే పేరే ఉంది, దీనికీ దానికీ సంబంధం లేదు. ఫోన్‌లోనే ఏ ఈఎఫ్‌టీ అని అడిగేయండి. జంటల ఈఎఫ్‌టీకి చెందిన అంతర్జాతీయ సంస్థ ఐసీఈఈఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో శిక్షణ పొందినవాళ్ళ జాబితా ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. పిల్లలను బలవంతంగా అదిమి పట్టుకుని ‘అటాచ్‌మెంట్ థెరపీ’ అని చెప్పేవాళ్ళు విదేశాల్లో ఉండేవారు. 2000లో అమెరికాలోని కొలరాడోలో అలాంటి సెషన్‌లో పదేళ్ళ పాప చనిపోయింది. బౌల్బీ చెప్పినదానికి అది పూర్తిగా విరుద్ధం. ఎవరైనా మీ బిడ్డ విషయంలో అలాంటిది చెబితే లేచి వచ్చేయండి.

4. మొదట ఎదురుగా, తర్వాత వీడియోలో

శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు వంద కిలోమీటర్ల పైమాటే, విజయనగరం నుంచి అరవై. వారం వారం వెళ్తే బస్సు ఛార్జీ, పోయిన కూలి లేదా సెలవు కలిపి ఫీజును మించిపోతుంది. అందుకే నా సలహా, మొదటిసారి వీలైతే ఎదురుగా కూర్చుని మాట్లాడి, తర్వాత వీడియోలో కొనసాగించండి. భర్త వేరే రాష్ట్రంలో ఉంటే ఎలాగూ వీడియోనే గతి. ఇద్దరూ రెండు చోట్ల నుంచి కలిసినా పని జరుగుతుంది.

తెలుగులో మాట్లాడే థెరపిస్ట్ అయితేనే తీసుకోండి. ఇంగ్లిష్ బాగా వచ్చినా సరే. కోపం ఇంగ్లిష్‌లో చెప్పగలం గానీ, “నన్ను లెక్కచెయ్యడు” అన్న బాధ మన మాటలోనే బయటికొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైకాలజీ విభాగానికి ఫోన్ చేసి, తమ దగ్గర చదివి ప్రాక్టీస్ చేస్తున్నవాళ్ళ పేర్లు చెప్పగలరా అని అడగడంలో తప్పులేదు.

5. ఫోన్‌లో ఈ మాటలు అడగండి

ఇక్కడే అసలు ఎంపిక జరుగుతుంది. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు పది నిమిషాలు మాట్లాడే వీలుందా అని మెసేజ్ పెట్టండి. చాలామంది ఒప్పుకుంటారు.

“మేడం, మా ఇద్దరిలో ఒకరం వెంటపడతాం, ఒకరం మూగబోతాం. ఇలాంటి జంట వస్తే మీరు ఎలా మొదలుపెడతారు?” అని అడగండి. “ఆ సమయంలో ఇద్దరి లోపలా ఏం జరుగుతోందో చూస్తాం, ఆ చక్రాన్ని మీరిద్దరూ గుర్తుపట్టేలా చేస్తాం” అనే అర్థం వచ్చేలా ఏం చెప్పినా మంచిదే. “ఆడవాళ్ళే కాస్త సర్దుకుపోవాలమ్మా” అన్నా, “ఆయన్ని తీసుకురండి, నేను మారుస్తాను” అన్నా ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేయండి. “మూడు సెషన్లలో సెట్ చేసేస్తాం” అన్నా అంతే. జంటల ఈఎఫ్‌టీ మామూలుగా 8 నుంచి 20 సెషన్ల వరకు పడుతుంది.

తర్వాత ఇది అడగండి: “మా ఆయన రానంటున్నారు. నేనొక్కదాన్నే రావచ్చా?” రావచ్చు. ఒక్కరు వచ్చినా పని మొదలవుతుంది, కాకపోతే అది వ్యక్తిగత థెరపీ అవుతుంది. ఆ తర్వాత ఆయన వస్తే అదే థెరపిస్ట్ ఇద్దరినీ చూస్తారా, వేరేవాళ్ళ దగ్గరికి పంపుతారా అన్నది ముందే తెలుసుకోండి.

రహస్యం గురించి కచ్చితంగా అడగాలి. మన ఊళ్ళల్లో ఎవరి కోడలో, ఎవరి అల్లుడో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. మానసిక చికిత్సలో గోప్యత హక్కును 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టమే ఇచ్చింది. ఒకరు విడిగా చెప్పిన మాట రెండోవాళ్ళకు చెబుతారా లేదా అన్నది మాత్రం థెరపిస్టును బట్టి మారుతుంది. అత్తగారు ఫోన్ చేస్తే ఏం చెబుతారో కూడా అడగండి. నవ్వుతారు గానీ, వాళ్ళకు ఆ అనుభవం ఉండే ఉంటుంది.

6. డబ్బు లెక్క

ఫీజు తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. “నెలకు ఇంతే పెట్టగలను, ఆ లోపల ఏదైనా వీలుందా?” అని మీ అంకె మీరు ముందే చెప్పండి. కొందరు తక్కువ ఆదాయంవాళ్ళకు కొన్ని స్లాట్లు విడిగా ఉంచుతారు. కొందరు సీనియర్ పర్యవేక్షణలో పనిచేసే ట్రైనీ దగ్గరికి పంపుతారు. ట్రైనీ అనగానే వెనక్కి తగ్గకండి. మీ కేసు గురించి ఒకరికి ఇద్దరు ఆలోచిస్తారు.

సెషన్‌కు వెయ్యి అనుకుందాం. వారానికొకటి అయితే నెలకు నాలుగు వేలు, చాలా ఇళ్ళకు అది బరువు. మొదటి నాలుగూ వారం వారం తీసుకుని, తర్వాత పదిహేను రోజులకొకటి చేస్తే నెలకు రెండు వేలు. మొదట్లోనే నెలకొకటి పెట్టుకుంటే మాత్రం డబ్బు వృథా, ప్రతిసారీ ఈ నెల గొడవలు చెప్పుకోవడంతోనే సమయం అయిపోతుంది. ప్యాకేజీ పేరుతో పది సెషన్ల డబ్బు ముందే కట్టమంటే కట్టకండి. రెండు సెషన్లయ్యాక మీకే ఇష్టం ఉండకపోవచ్చు. సెషన్ రద్దు చేసుకోవాలంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో మెసేజ్‌లో రాయించుకోండి. ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోవద్దు, మామూలు పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరిన ఖర్చుకే పనికొస్తాయి.

7. ఇంట్లో చోటు

ఉమ్మడి ఇంట్లో వీడియో సెషన్ అంటే గోడకు చెవులుంటాయి. మేడ మీద, ఆగి ఉన్న కారులో, స్నేహితురాలి ఇంట్లో, ఆఫీసు అయిపోయాక ఖాళీ గదిలో ఎక్కడైనా సరే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ముందు రోజే అక్కడ నెట్‌వర్క్ చూసుకోండి. ఎవరైనా గదిలోకి వస్తే టాపిక్ మార్చడానికి థెరపిస్టుతో ఒక మాట ముందే అనుకోండి. “రేపటి మీటింగ్” అన్నా చాలు.

8. నాలుగు సెషన్ల తర్వాత

సమస్య తీరిందా అని అప్పుడే చూడకండి, తీరదు. ఈ వారం గొడవ మధ్యలో “మళ్ళీ అదే మొదలైంది” అని మీలో ఒక్కరికైనా అనిపించిందా? థెరపిస్ట్ ఒకరి పక్షం తీసుకుంటున్నట్టు మీలో ఎవరికైనా అనిపిస్తోందా? ఏడ్చినప్పుడు కంగారుపడి మాట మార్చేశారా, ఆగి విన్నారా? నచ్చనిది వాళ్ళ ముందే చెప్పి చూడండి. సంజాయిషీలు ఇవ్వకుండా విని, తర్వాతి సెషన్‌లో తీరు మార్చుకుంటే కొనసాగించండి. లేకపోతే ఇంకెవరినైనా సూచించమని వాళ్ళనే అడగండి. సెషన్ల నోట్స్ సారాంశం కూడా రాసిమ్మనండి, కొత్తవాళ్ళ దగ్గర మొదటి రెండు సెషన్ల ఖర్చు కలిసొస్తుంది.