బొగ్గుబాయి ఊళ్లో సొంత రేడియో పెట్టడం ఎలా?

గోదావరిఖని, మందమర్రి, ఇల్లెందు లాంటి సింగరేణి బొగ్గు గనుల (బాయిల) ఊళ్లలో కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్లే తమ కోసం నడుపుకునే చిన్న ఎఫ్‌ఎం స్టేషను, అనగానే ‘యూనియన్ పేరు మీద పెడదాం’ అంటారు. అది కుదరదు. రాజకీయ పార్టీలకు, వాటి అనుబంధ కార్మిక సంఘాలకు కేంద్రం అనుమతి ఇవ్వదు. బొలీవియాలో తగరం గని కార్మికులు 1940ల చివర్లోనే జీతాల్లోంచి చందాలేసుకుని యూనియన్ స్టేషన్లు నడిపారు గానీ, మన నిబంధనలు వేరు.

1. ముందు సంస్థ. రిజిస్టరై కనీసం మూడేళ్లయిన స్వచ్ఛంద సంస్థనో, స్థానిక కాలేజీనో ఒప్పించండి. దరఖాస్తు సమాచార ప్రసార శాఖకు, బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో పెట్టాలి. ఫైలు చాలా శాఖలు తిరుగుతుంది, ఓపిక పట్టాలి.

2. ఈలోగా రికార్డింగులు. మంచి ఫోను, పరుపులూ దుప్పట్లూ ఉన్న గది, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. తట్టాచెమ్మస్‌తో (బొగ్గు ఎత్తే తట్ట, పారతో) పనిచేసిన రిటైర్డు కార్మికులతో, కాలనీల్లోని ఆడవాళ్లతో మాట్లాడించండి. వీలైతే జహీరాబాద్ దగ్గర మాచునూరు వెళ్లి సంఘం రేడియో చూసి రండి. 2008 నుంచి అక్కడ దళిత మహిళలే స్టేషను నడుపుతున్నారు.

3. టైంటేబుల్. అసలు పని ఇదే. బాయిలో రేడియో వినపడదు. ఎఫ్‌ఎం తరంగాలు భూమిలోకి దిగవు, పైగా మీథేన్ ఉండే చోట భద్రతా ఆమోదం లేని పరికరాలు తీసుకెళ్లనివ్వరు. కాబట్టి మీ శ్రోతలు ఇంట్లోవాళ్లు, డ్యూటీకి వెళ్లబోయేవాళ్లు, దిగి వచ్చినవాళ్లు. మొదటి షిఫ్టుకు ముందు తెల్లవారుజామున ఒకసారి, ఆ షిఫ్టు దిగాక ఒకసారి, రాత్రి షిఫ్టుకు వెళ్లేలోపు ఒకసారి అదే కార్యక్రమం వేయండి. షిఫ్టులు మారుతూ ఉంటాయి కదా, ‘రోజూ సాయంత్రం 6 గంటలకు’ అంటే ఈ వారం విన్నవాడు వచ్చే వారం వినలేడు.

4. టవరు. మామూలుగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లే. పది, పదిహేను కిలోమీటర్లకు మించి ఆశ పెట్టుకోవద్దు. ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) గనుల మట్టి గుట్టలు అడ్డమొస్తే అంత కూడా రాదు. యాంటెన్నా నుంచి కాలనీలు నేరుగా కనపడే చోటు వెతకండి. బొగ్గు దుమ్ము ఆడియో మిక్సర్‌లో చేరకుండా పని అయిపోగానే గుడ్డ కప్పాలి.

5. ఖర్చులు. 2024 నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. కాంట్రాక్టర్ల ప్రకటనలు తీసుకోండి, కానీ ఏం ప్రసారం చేయాలో కాలనీవాళ్లున్న కమిటీనే తేల్చాలి. గని బ్లాస్టింగుకు (పేలుళ్లకు) గోడలు బీటలు వారుతున్నాయని ఎవరైనా చెబితే, ప్రకటనలిచ్చేవాళ్ల కోసం ఆ మాట ఆగిపోకూడదు.

6. వార్తలు. సొంత వార్తలు చదవడానికి వీల్లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేయొచ్చు. నీళ్లు, కరెంటు, వాతావరణం, ఆరోగ్య హెచ్చరికల గురించి అధికారులు ఇచ్చిన ప్రకటనలు చదవొచ్చు. టెన్షన్ అంతా బాయిలో ప్రమాదం జరిగిన రోజే. ఊరంతా ఫోన్లు చేస్తుంది, ఎవరో పేర్లు చెబుతారు. ఆ పేర్లు మైకులో పలకొద్దు. ఇంట్లోవాళ్లకు కబురు రేడియోలో చేరకూడదు. అలాంటి రోజు మైకు దగ్గర ఎవరుండాలో ముందే రాసిపెట్టుకోండి. ప్రసారాల రికార్డింగులను మూడు నెలలు దాచాలన్న నిబంధనా ఉంది, అందుకో హార్డ్‌డిస్కు విడిగా కొనండి.