కాలువగట్టు మీద చెత్త ఎవరిది? కొత్త కౌన్సిలర్లకు నా నోట్‌బుక్కులోంచి

2021 మార్చిలో కౌన్సిలరుగా నెగ్గేదాకా నేను ఇంటి వరండాలో మిషను కుట్టుకునేదాన్ని. జాకెట్ల కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ల మాటల్లో సగం చెత్తబండి గురించో కుళాయి గురించో ఉండేవి. సమస్యలన్నీ తెలుసు కదా, పనులు చేయించడం తేలికే అనుకున్నాను. తీరా చూస్తే ఒక్క కాలువగట్టు కోసమే ఏడు నెలలు తిరిగాను. కోవిడ్ రెండో వేవ్ కొంత కారణం. అసలు కారణం మాత్రం, అడగాల్సిన పద్ధతి నాకు తెలియకపోవడం. గోదావరి డెల్టా మున్సిపాలిటీల్లో కొత్తగా కౌన్సిలర్లు అయ్యేవాళ్లకు ఆ ఏడు నెలలు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను. వార్డులో ఉండేవాళ్లు కూడా చదవండి. మీ కౌన్సిలరును ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి

ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు కాలువగా మా ఊరి మధ్య నుంచే పోతాయి. గట్టును ఆనుకుని మా వార్డు ఇళ్లు. ఎదర రోడ్డు మీద కొబ్బరి బొండాల బళ్లు, రెండు చికెన్ షాపులు. రాత్రి తొమ్మిది దాటితే తాగేసిన బొండాలు, కోడి ఈకలు, పేగులు, టిఫిన్ బళ్ల ప్లాస్టిక్ కవర్లు అన్నీ గట్టు మీదికే చేరేవి. గాలి వాన వస్తే అవన్నీ కాలువలోకి. అదే కాలువ నీళ్లతో మా మంచినీటి చెరువు నింపుతారు. ఇది తలచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

మున్సిపల్ ఆఫీసులో అడిగితే గట్టు ఇరిగేషన్ వాళ్లది అన్నారు. ఇరిగేషన్ వాళ్లను అడిగితే చెత్త మున్సిపాలిటీ పని అన్నారు. నిజానికి ఇద్దరిదీ తప్పు కాదు. కాలువ, గట్టు, పూడికతీత జలవనరుల శాఖవి (ఇరిగేషన్ అంటే అదే). ఊళ్లో పుట్టిన చెత్త ఎత్తాల్సింది మున్సిపాలిటీ. 1992 నాటి 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలులోనే ఘన వ్యర్థాల నిర్వహణ పురపాలక సంఘాల పనుల్లో ఒకటిగా ఉంది. నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ఇద్దరికీ వేరువేరుగా ఉత్తరాలు రాయడం. రెండూ రెండు ఫైళ్లలో పడుకున్నాయి.

చివరికి ఒకే ఉత్తరం రాసి, ఇద్దరి పేర్లూ పైనే పెట్టి, రెండు ఆఫీసుల్లోనూ ఇచ్చాను. ఫలానా రోజు ఉదయం ఏడు గంటలకు గట్టు మీద ఉంటాను, మీ మనిషిని పంపండి అని అందులోనే రాశాను. ఇరిగేషన్ నుంచి ఏఈగారు (అసిస్టెంట్ ఇంజనీరు), మున్సిపాలిటీ నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. అక్కడ నిలబడి మాట్లాడుకుంటే అరగంటలో తేలిపోయింది. చెత్త మున్సిపాలిటీ ఎత్తుతుంది, కంచె వేయడానికి ఇరిగేషన్ అభ్యంతరం చెప్పదు. ఏడు నెలల పని అరగంటలో అయింది.

కాబట్టి మీ వార్డు మ్యాపు ఒకటి తీసుకుని ఏది ఎవరిదో గుర్తు పెట్టుకోండి. వీధి కాలువలు మున్సిపాలిటీవి. ఊరి బయట అవి కలిసే పెద్ద మురుగు డ్రెయిన్లు చాలా చోట్ల జలవనరుల శాఖవి. పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది, అంటే రోడ్లు భవనాల శాఖది కావచ్చు. ఊరి చివర కొత్త కాలనీలు సగం పక్క పంచాయతీలో ఉంటాయి. ఆ సరిహద్దు మీదే చెత్త ఎక్కువగా పేరుకుంటుంది, ఎందుకంటే రెండు వైపుల బళ్లూ అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోతాయి.

కాలం చూసి అడగండి

మిగతా ప్రాంతాల కౌన్సిలర్లకు ఈ ఇబ్బంది అంతగా ఉండదేమో, మనకు మాత్రం కాలువే క్యాలెండరు. వేసవిలో కాలువలు కట్టేసి, మళ్లీ సార్వా (తొలకరి వరి పంట) కోసం జూన్‌లో వదులుతారు. కాలువలో దిగి చెత్త తీయాలన్నా, పూడిక తీయాలన్నా, గుర్రపుడెక్క లాగాలన్నా ఆ కొద్ది వారాలే వీలు. ఏప్రిల్‌లో అడిగితే అప్పటికే పనుల జాబితా తయారైపోయి ఉంటుంది. సంక్రాంతి వెళ్లగానే ఉత్తరం ఇవ్వండి. కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువు నింపుతారు కదా, ఆలోపు కనీసం గట్టు మీది చెత్తయినా తీయించండి.

వీధి కాలువల సంగతి మే నెలలో చూడాలి. మన నేల పళ్లెంలా ఉంటుంది, వాలు ఉండదు. ఒక కల్వర్టు గొట్టంలో నాలుగు కవర్లు అడ్డుపడితే మూడు వీధులు నిండుతాయి. తుఫాను వచ్చాక జేసీబీ కోసం ఫోన్లు చేస్తే అది అప్పటికే ఇంకో వార్డులో ఉంటుంది.

చికెన్ షాపుల విషయానికి మార్చి మంచి నెల. అప్పుడే ట్రేడ్ లైసెన్సుల రెన్యువల్ మొదలవుతుంది. వ్యర్థాలు ఎవరికి ఇస్తున్నారో షాపువాళ్ల దగ్గర రాయించుకున్నాకే లైసెన్సు ఇవ్వమని నేను కమిషనరుగారిని అడిగాను. మా గట్టు మీద ఈకలు తగ్గింది అప్పటి నుంచే.

ఫిర్యాదు ఎలా రాయాలి

"మా వార్డులో చెత్త సమస్య తీవ్రంగా ఉంది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎంత, ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అన్నవి ఉండాలి. నేను ఇచ్చిన ఒక ఉత్తరం ఇలా ఉంటుంది:

"కమిషనరుగారికి. మా వార్డు రామాలయం వీధి మలుపులో ట్రాన్స్‌ఫార్మరు కింద సోమవారం నుంచి చెత్త తీయలేదు. సుమారు ఒక ట్రాక్టరు ట్రిప్పు ఉంది. పక్కనే అంగన్‌వాడీ ఉంది, ఇరవై మంది పిల్లలు వస్తారు. ఈ వీధికి రావాల్సిన బండి రిపేరులో ఉందని మేస్త్రీ చెప్పారు. బండి వచ్చేదాకా ట్రాక్టరు పంపించి, గురువారంలోగా తీయించవలసిందిగా కోరుతున్నాను. మూడు ఫొటోలు జతచేశాను."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద సీలు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోండి. వాట్సాప్‌లో పంపిన ఫొటోకు ఇన్‌వర్డ్ నంబరు ఉండదు. వాట్సాప్ వాడొద్దని చెప్పడం లేదు, దాని తర్వాత కాగితం కూడా ఇవ్వాలి. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి ఒక కాపీ ఇస్తే చిన్న పనులు అక్కడికక్కడే అయిపోతాయి.

తెల్లవారుజామున ముస్తరు దగ్గరికి వెళ్లండి

నెలకు నాలుగుసార్లైనా ఉదయం ఐదున్నరకు హాజరు వేసే చోటికి వెళ్లండి. తనిఖీకి వచ్చినట్టు కాదు. కార్మికులతో టీ తాగండి. మా వార్డుకు కాగితం మీద ఎంతమంది ఉన్నారో, నిజంగా ఎంతమంది వస్తున్నారో, మిగతావాళ్లను ఎక్కడికి పంపుతున్నారో నాకు అక్కడే తెలిసింది. తోపుడుబండి చక్రం ఊడిపోయి రెండు నెలలుగా బుట్టలతో మోస్తున్న ఒకావిడ, "అడిగితే పనిలోంచి తీసేస్తారేమోనని భయమండీ" అంది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె పేరు రాయకుండా చక్రాలు, చేతి తొడుగులు, బూట్ల గురించి ఉత్తరం ఇచ్చాను. కార్మికుల మీద ఫిర్యాదు రాసేముందు వాళ్ల చేతిలో పనిముట్టు ఉందో లేదో చూడండి.

ఇళ్లవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. తడి, పొడి, ప్రమాదకర చెత్త వేరుగా ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వమనండి, వాటిని చేత్తో ఏరేది ఒక మనిషి. "చెత్త పన్ను తీసేశారు కదా, బండి రాదేమో" అని చాలామంది నన్ను అడిగారు. క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో వచ్చిన ఆ వసూళ్లను 2024లో ప్రభుత్వం ఆపేసింది. అంతమాత్రాన చెత్త ఎత్తే బాధ్యత పోదు, ఇంటి పన్ను కడుతూనే ఉన్నాం.

కౌన్సిల్ సమావేశంలో

జీరో అవర్‌లో (అజెండాలో లేని విషయాలు మాట్లాడే సమయం) గట్టిగా మాట్లాడితే పేపర్లో పేరు వస్తుంది. "చూస్తాం" అన్న జవాబు మాత్రం ఎక్కడా నమోదు కాదు. పని కావాలంటే ముందుగా చైర్‌పర్సన్‌కు లేఖ ఇచ్చి అజెండాలో అంశంగా పెట్టించండి. తీర్మానంలో పని పేరు, ఏ నిధుల నుంచి, ఎవరు చేయాలి అన్నవి ఉండేలా చూడండి. తర్వాతి సమావేశంలో మినిట్స్ (గత సమావేశంలో జరిగినదాని నమోదు) చదువుకుని, రాయని మాట ఉంటే అక్కడే చెప్పండి.

ఒంటరిగా అడగొద్దు. మా మురుగు కింది వార్డులోంచి పోతుంది, ఆ వార్డు కౌన్సిలరు వేరే పార్టీ. నేనే వాళ్లింటికి వెళ్లాను. "మీ దగ్గర కల్వర్టు బాగుపడితే మా వీధులు ఆరతాయన్నయ్యా, ఇద్దరం కలిసి అడుగుదాం" అన్నాను. ఆయన సంతకంతో ఇచ్చిన అంశం మీద సభలో ఎవరూ అడ్డుచెప్పలేదు.

కుళాయి, దీపాలు

వీధి దీపానికి స్తంభం నంబరు రాస్తే చాలు. కుళాయి సంగతి అలా కాదు. నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో పచ్చగా, వాసనగా వస్తున్నాయంటే ఎక్కడో పైపు మురుగు కాలువలోంచి పోతూ పగిలి ఉంటుంది. సరఫరా ఆగినప్పుడు లోపల ఒత్తిడి ఉండదు, మురుగు పైపులోకి చేరుతుంది. మొదటి నీళ్లు ఒక సీసాలో, పది నిమిషాల తర్వాతి నీళ్లు ఇంకో సీసాలో పట్టి, టైము రాసి అతికించి ఆఫీసుకు తీసుకెళ్లండి. ఏ ఏ ఇళ్లలో అలా వస్తున్నాయో వరసగా రాస్తే పగిలిన చోటు దాదాపు తెలిసిపోతుంది. దీనికి మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

అప్పటికీ కదలకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇన్‌వర్డ్ నంబర్లున్న కాపీలతో అర్జీ ఇవ్వండి. సమాచార హక్కు చట్టం కూడా ఉంది, 2005 నాటిది. పది రూపాయల రుసుముతో బండి లాగ్‌బుక్కు, ఆ నెల హాజరు పట్టీ నకళ్లు అడగండి. "ఎందుకు తీయలేదు" అని అడగొద్దు, ఉన్న రికార్డు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి అప్పీలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు రుసుము లేదు.

చెప్పినవాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లండి. పని అయినా, కాకపోయినా. గట్టు పక్కింటి మామ్మగారికి కంచె ఈ ఏడాది రాదని చెప్పడానికి నేను భయపడి పది రోజులు ఆ వీధిలోకి వెళ్లలేదు. చివరికి వెళ్తే, "రాదని చెప్పడానికైనా వచ్చావు కదమ్మా, కూర్చో" అంది. కాఫీ ఇచ్చి, రాత్రిళ్లు గట్టు మీద చెత్త పోసే ఆటో ఏ టైముకు వస్తుందో చెప్పింది. ఆ సమాచారం ఆవిడ దగ్గర అన్నాళ్లూ ఉంది, నేను వెళ్లి అడగలేదంతే.

నా నోట్‌బుక్కులో పదకొండు పనులు మిగిలిపోయాయి. అన్నిటికీ తేదీలు, ఇన్‌వర్డ్ నంబర్లు ఉన్నాయి. మా వార్డుకు తర్వాత వచ్చేవారు ఎవరైనా, ఏ పార్టీ అయినా, ఇంటికి వస్తే ఇస్తాను. మొదటిది చేపల మార్కెట్ వెనక కల్వర్టు. దాని గొట్టం సన్నం, మార్చాలి. జూన్‌లోపే అడగండి.