గిటారు శబ్దం మూసుకుపోయిందా? ముందు వైరు మార్చి చూడండి

క్రిస్మస్ నెల దగ్గరపడితే చాలు, అమలాపురం, పాలకొల్లు వైపు నుంచి గిటార్లు బాగుకి వస్తాయి. "పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) పోయిందండీ" అంటారు. పికప్ అంత తేలిగ్గా పోదు. పెడళ్లన్నీ తీసేసి, వేరే వైరుతో నేరుగా ఆంప్‌కి కలిపి చూశారా అంటే మొహమొహాలు చూసుకుంటారు. అది చూడనిదే గిటారు ప్లేటు విప్పకండి.

కరకర వస్తోంది
నాబ్ తిప్పినప్పుడే వస్తే దాని కింద ఉండే పాట్‌లో (శబ్దం, టోన్ తగ్గించి పెంచే భాగం) దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఓ పాతికసార్లు అటూ ఇటూ తిప్పండి. వైరు కదిపితే వస్తే వైరు కొనన ఉండే జాక్ దగ్గర టంకం వదిలింది. గిటారు సాకెట్ నట్టు వదులైనా ఇంతే. సముద్రం దగ్గర ఊళ్లలో సాకెట్ లోపలి రేకుకి చిలుము పడుతుంది, అదీ తుడవండి.

గుంయ్‌మని హమ్
తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోందా? తీగల ఎర్త్ బాగానే ఉన్నట్టు. తీగలు ముట్టుకున్నా మారక, జాక్ లోహం ముట్టుకుంటేనే తగ్గితే బ్రిడ్జి కిందికెళ్లే ఎర్త్ వైరు ఊడింది. స్పీకర్ వైరుకి జాక్‌లు వేసి గిటారుకి వాడేవాళ్లూ ఉన్నారు. దానికి షీల్డ్ (బయటి గోలని ఆపే లోహపు అల్లిక) ఉండదు, హమ్ పోదు.

శబ్దం వస్తుంది, ట్రెబుల్ (సన్నటి, పదునైన శబ్దం) చచ్చింది
అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి వైరు చూస్తే చివర నుంచి చివరకి మోగుతుంది, షార్ట్ కూడా చూపించదు. అదే వైరు కీబోర్డుకి పెడితే శుభ్రంగా పలుకుతుంది. దాంతో నేరం గిటారు మీద పడుతుంది, పాపం కొత్త పికప్ కూడా కొనేస్తారు.

జాక్ మూత విప్పండి. చాలా గిటారు వైర్లలో షీల్డ్ అల్లిక కింద, లోపలి తెల్ల ఇన్సులేషన్ మీద, పల్చటి నల్ల ప్లాస్టిక్ పొర ఉంటుంది. వైరు తొక్కితే టపటపమనకుండా పెట్టిన పొర అది. మామూలు ప్లాస్టిక్ కాదు, కొద్దిగా కరెంటు పారనిస్తుంది. జాక్ వేసినవాడు దాన్ని వెనక్కి కొయ్యకుండా టంకం పెడితే, గట్టుకి ఎండ్రకాయ బొరియ పడ్డట్టు సిగ్నల్ కొంచెం కొంచెం షీల్డ్‌లోకి కారిపోతుంది. కీబోర్డు సిగ్నల్ గట్టిది, తట్టుకుంటుంది. పికప్ తట్టుకోదు.

మీటర్‌ని 2 మెగా ఓమ్స్ మీద పెట్టండి. వైరు రెండో కొన ఖాళీగా ఉండాలి. జాక్ మొనకీ బాడీకీ మీటర్ వైర్ల ముళ్లు ఆనించండి. ముళ్ల లోహాన్ని వేళ్లతో పట్టుకోవద్దు, మీ ఒంటి రెసిస్టెన్సే చూపిస్తుంది. OL గానీ, ఎడమ అంచున ఒంటరి 1 గానీ ఉంటే లీకు లేనట్టు; వేరే ఏ అంకె నిలిచినా వైరు తప్పే. నల్ల పొరని 5 మిల్లీమీటర్లు వెనక్కి కోసి, మధ్యలో తెల్లది కనిపించేలా మళ్లీ టంకం పెట్టండి. రెండు వైపులా చూడండి.

వైరు బాగానే ఉండి మరీ పొడుగైనా ట్రెబుల్ తగ్గుతుంది: ప్రతి మీటరు పొడవుకీ సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ చేరి ట్రెబుల్‌ని తినేస్తుంది. స్టేజీ నుంచి మిక్సర్ దాకా గిటారు వైరే లాగకండి, గిటారు పక్కన డీఐ బాక్స్ (గిటారు సిగ్నల్‌ని దూరం వెళ్లేలా మార్చి మిక్సర్‌కి పంపే పెట్టె) పెట్టండి.

పికప్ తీగ తెగడం, టోన్ కెపాసిటర్ షార్ట్ అవడం చాలా అరుదు. పందిట్లో మైకు మూతికి తగిలి షాక్ కొడితే మాత్రం అది గిటారు రోగం కాదు. ఎక్కడో ఎర్త్ లేదు. వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్ని పిలవండి.